వాగు గట్టు మీద సింగమ్మ దీపం

కొండలు ఇంకా కాస్త పొట్టిగా, వాగులు ఇంకా కాస్త లోతుగా ఉన్న రోజుల్లో తుమ్మలవాక అని ఒక ఊరు. ఇవతల ఇళ్లు, అవతల సారా కొట్టు, మధ్యలో వాగు. వాగు దాటడానికి తొమ్మిది రాళ్లు.

ఇవతలి గట్టు మీదే సింగమ్మ గుడిసె. ఆముదపు గింజలు ఏరేది, వేయించేది, దంచేది, ఉడికించి నూనె తీసేది. ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఆమె మొగుడు ఒకనాడు తాగి వస్తూ చీకట్లో ఏడో రాయి మీద కాలుజారి, వాగులో పడి చచ్చిపోయాడు. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని ఒక కట్టు పెట్టారు. ఏటేటా వేలంపాట పాడి కొట్టు ఎవరు దక్కించుకున్నా సరే, ఊళ్లో మొదటి దీపం కనబడగానే సారా కుండ మీద మూత పెట్టాలి. తాగినవాళ్లు వెలుగుండగా వాగు దాటాలి.

కొన్నేళ్లు బాగానే జరిగింది. సింగమ్మ కొడుకు పైడయ్య పెద్దవాడై బండి తోలుతున్నాడు. తండ్రిలాగే కొట్టుకు పోతున్నాడు. వద్దని మూడుసార్లు చెప్పి చూసింది. మూడుసార్లూ తలూపాడు, మూడుసార్లూ పోయాడు.

"సరే, పో. వెలుగుండగా రా," అంది.

ఒక ఏడు పాట గవర్రాజుకు దక్కింది. తెలివైనవాడు. నేరుగా సింగమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అత్తా, నీ దగ్గరున్న ఆముదమంతా నాకిచ్చెయ్యి."

"అంతా ఎందుకయ్యా? ఒంటికి పట్టించుకుంటావా?"

"ఇంటింటికీ సోలెడు పంచుతా. బాగా చీకటి పడ్డాకే దీపం పెట్టమని చెప్తా. నా కుండ ఇంకాసేపు తెరిచి ఉంటుంది."

"దీపం పెట్టకుండా ఉండటానికి నూనె కొనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. పో నాయనా, పో."

అతను పొరుగూరి నుంచి తెచ్చి పంచాడు. ఊరికే వచ్చిన నూనె ఎవరు వద్దంటారు? ఊళ్లో సింగమ్మ నూనె అడిగేవాళ్లు లేకపోయారు. ఆమె పొరుగూళ్లకు పోయి అమ్ముకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. తన దీపమూ ఆలస్యమే అయింది.

మొదటి రోజు ఒకడి చెప్పులు వాగులో పోయాయి. రెండో రోజు ఒకడి కాలు విరిగింది. మూడో రోజు సింగమ్మ తిరిగొచ్చేసరికి ఏడో రాయిని కావలించుకుని ఎవరో మూలుగుతున్నారు. పైడయ్యే. రొమ్ముదాకా నీళ్లు. ఆమె దిగి, జుట్టు పట్టి లాక్కొచ్చింది. ఒళ్లు తుడిచింది. గంజి పట్టింది.

మర్నాడు నూనె అమ్మడానికి పోలేదు. పస్తు ఉంది. తాటిచెట్టంత పొద్దుండగానే గుమ్మంలో దీపం పెట్టింది. అవతల ఎవరో చూసి, "దీపం!" అని కేకేశారు. కుండ మీద మూత పడింది.

రెండో రోజు పొద్దు నడినెత్తిన ఉండగా పెట్టింది. మూత పడింది. మూడో రోజు గవర్రాజు ఇంకా మూత తీస్తున్నాడు. ఇవతల దీపం వెలిగింది.

గవర్రాజు పెద్దల దగ్గరికి పరిగెత్తాడు. ఊరి పెద్దకాపు సింగమ్మను పిలిపించాడు.

"పట్టపగలు దీపమేంటే, సింగీ? మతి పోయిందా?"

"దీపం ఎప్పుడు పెట్టాలో మీ కట్టులో ఉందా, బాబూ?"

"లేదనుకో. అయినా చీకటి పడక ముందే..."

"చీకటి ఎప్పుడు పడాలో గవర్రాజు ఊరికంతా నూనె పోసి కొనుక్కున్నాడు. నేను నా నూనెతో వెలిగించుకోకూడదా?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గవర్రాజు పంచిన నూనె వాళ్ల ఇళ్లలోనూ ఉంది మరి.

పెద్దకాపు గొంతు తగ్గించాడు. "నువ్వే చెప్పమ్మా. ఏ వేళకు పెడతావు?"

"ఆవులు వాగు దాటే వేళకు. ఆవుకు కనబడే దారి మగాడికీ కనబడుతుంది."

అందరూ నవ్వారు. గవర్రాజుకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఇకనుంచి కొట్టుకు సింగమ్మ దీపమే దీపం, ఇంకే దీపమూ లెక్కలోకి రాదని పెద్దలు తేల్చారు.

ఆవులు దాటేవి. సింగమ్మ దీపం పెట్టేది. గట్టున నిలబడి, రాళ్లు దాటేవాళ్లను పేరు పేరునా పిలిచేది. "సన్యాసీ, మెల్లగా. ఎర్రయ్యా, కిందికి చూడు. పైడీ, రా నాయనా." పైడయ్య తాగుడు మానలేదు. కానీ రోజూ ఇంటికి వచ్చాడు. ఆమెకు చూపు ఆనకపోతే దీపం దగ్గరికి చెయ్యి పట్టి నడిపించేవాడు.

అలా ఎన్నో ఏళ్లు. ఏటేటా పాట గవర్రాజుకే దక్కేది. ఒక మధ్యాహ్నం గింజలు దంచుతూ దంచుతూ సింగమ్మ పక్కకు ఒరిగి కన్నుమూసింది.

ఆ సాయంత్రం ఆవులు వాగు దాటాయి. దీపం వెలగలేదు. కబురు విన్నవాళ్లు కొట్టు దగ్గరే తలలు వంచుకుని కూర్చున్నారు. లేవమనేవాళ్లు లేరు. గవర్రాజు ఇవతలి గట్టు వైపు చూశాడు. ఎవరూ అడగకుండానే కుండ మీద మూత పెట్టాడు. "లేవండర్రా. ఆవులు దాటాయి," అన్నాడు. అందరూ వెలుగుండగా దాటి, ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు.

ఇప్పటికీ తుమ్మలవాకలో కొట్టు పాటకు ముందు దీపం పెట్టే ఆడమనిషిని ఎంచుతారు. ఆమె సరేనన్నాకే పాట మొదలు. పెళ్లింట్లోనైనా పంచాయితీలోనైనా ఎవడైనా కదలకుండా కూర్చుంటే, "ఆవులు దాటాయి, లే," అంటారు. సాయంత్రం గట్టున దీపం పెట్టినామె దాటేవాళ్లను పేరు పేరునా పిలుస్తుంది. ఆఖరివాడు గట్టెక్కాక వాగు వైపు తిరిగి, "సింగమ్మా, అందరూ వచ్చేశారు," అని చెప్పి లోపలికి వెళుతుంది.