పోయిన పాఠాలు

పూర్వం ఒక దివానుగారు తన కూతురు వకుళ కోసం బడి పెట్టించి, సంస్కృతానికొక అయ్యవారిని, పారసీకొక అయ్యవారిని కుదిర్చాడు. సాలెవారి గవరమ్మ కూడా అక్కడే చదివేది. వకుళ తడుముకునేలోగా ఆ పిల్ల రెండు భాషల్లోనూ గడగడా చెప్పేసేది. అయ్యవార్లు మెచ్చుకున్నప్పుడల్లా వకుళకు పాపం కడుపు మండిపోయేది.

"నాన్నగారూ, నా పాఠాలన్నీ ఇది దొంగిలించింది. బడిలోంచి తరిమేయండి!" అంది ఒకనాడు.

దివాను గుడ్లురిమాడు. గవరమ్మ చేతులు జోడించింది.

"పోయిన సొమ్ము ఎలాంటిదో సొంతదారే చెప్పాలి కదండీ బాబూ. చిన్నమ్మగారు ఆ పాఠాలు చదివి వినిపిస్తే నేనే వెళ్లిపోతాను" అంది.

వకుళ నోరు తెరిచింది. చదివితే పాఠాలు పోనట్టే. చదవలేకపోతే అవి తనవే కావు. తెరిచిన నోరు మూసుకుంది.

దివాను పకపకా నవ్వి, "వెళ్లి నీ చోట కూర్చోవే" అన్నాడు గవరమ్మతో.

ఎంత చిత్రమో చూడండి, వకుళకు కోపం పోయింది కానీ అసూయ పోలేదు. ఇప్పుడది గవరమ్మ చెప్పిన ఆ జవాబు మీద కూడా పడింది.