విల్ఫ్ మూల

ఇది ఎప్పటి మాటో ఎవరికీ సరిగ్గా తెలీదు. పొగగొట్టాలు మబ్బుల్ని గుచ్చేవి, మబ్బులు ఊరిని తడిపేవి, అప్పటి మాట. ఇంగ్లండు దేశంలో, ఉత్తరాన, బ్రాక్‌డెన్ అని ఒక బొగ్గుగనుల ఊరు. వారమంతా గని, శనివారం సాయంత్రం రగ్బీ.

ఆట ఎలాగంటే, జట్టుకి పదమూడు మంది. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తి, అవతలివాళ్ళ గీత దాటి నేలకి ఆనించాలి. ఆనిస్తే మూడు పాయింట్లు. తర్వాత, ఆనించిన చోటికి తిన్నగా వెనక్కొచ్చి, రెండు స్తంభాల మధ్యకి బంతిని తన్నితే ఇంకో రెండు. మధ్యలో ఆనిస్తే తన్నడం తేలిక. మూలన ఆనిస్తే, ఇక తన్నేవాడి ఖర్మ.

ఆ తన్నేవాడి పేరు క్లెమ్. వాడి ఖర్మ పేరు విల్ఫ్.

విల్ఫ్ వింగర్. అంటే మైదానం అంచున ఒంటరిగా నిలబడి, బంతి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడు. గనిలో బొగ్గుబండి తోసేవాడు. పొట్టివాడు, మాట తక్కువ. కానీ బంతి చేతికొచ్చిందా, కిటికీ తెరిస్తే గాలి దూరినట్టు దూరిపోయేవాడు! ఆ పరుగు చూసి ముసలివాళ్ళు కూడా టోపీలు గాల్లోకి ఎగరేసేవారు.

అయితే వాడికో వింత అలవాటు. ముందు ఎవ్వరూ లేకపోయినా, హాయిగా మధ్యకి పోగలిగినా, పోయి పోయి మూలనే బోర్లా పడేవాడు.

"ఒరేయ్ విల్ఫ్, మధ్యలో పెడితే నీ సొమ్మేం పోయింది?" అని అడిగాడు క్లెమ్.

"అక్కడైతే బావుంటుంది," అన్నాడు విల్ఫ్.

మరో శనివారం క్లెమ్ గురి తప్పింది. జనం ఊరుకుంటారా? "క్లెమ్మూ, కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయావా?" అని ఒకటే నవ్వు. క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నీవల్లేరా! ఏముందిరా ఆ మూలలో?"

"అక్కడైతే బావుంటుంది," అన్నాడు విల్ఫ్.

ఇక క్లెమ్‌కి తిండి సయించలేదు. కనిపెట్టి చూడ్డం మొదలెట్టాడు. పరాయి ఊళ్ళో ఆడితే విల్ఫ్ మధ్యలోనే పెడుతున్నాడు. సొంత ఊళ్ళో రైలుకట్ట వైపు ఆడినా మధ్యలోనే పెడుతున్నాడు. సొంత ఊళ్ళో, పొగగొట్టం వైపు ఆడినప్పుడు మాత్రం మూల, మూల, మూల!

ఇంతలో సొంత ఊళ్ళోనే ఆఖరి పోటీ వచ్చింది. గెలిస్తే కప్పు బ్రాక్‌డెన్‌ది. ముందురోజు జట్టు మేనేజరు విల్ఫ్‌ని అందరి ముందూ నిలబెట్టాడు.

"ఇంకొక్కసారి ఆ మూలన పెట్టావో, చొక్కా విప్పి ఇచ్చేసి వెళ్ళిపో. అసలు అక్కడేముందయ్యా?"

"అక్కడైతే బావుంటుందండీ." ఈసారి టోపీ నలుపుతూ అన్నాడు. వారమంతా భూమి కింద ఉండేవాడికి ఆ చొక్కా తప్ప వేరే ఆకాశం లేదు మరి.

అందరూ వెళ్ళిపోయాక క్లెమ్ మైదానంలోకి నడిచాడు. ఆ మూలకి పోయి, విల్ఫ్ పడ్డట్టే బోర్లా పడి, తలెత్తి చూశాడు. పొగగొట్టానికీ గోడకీ మధ్య సందులో ఒక మేడకిటికీ. కిటికీలో ఒక తెల్లటి తల.

పోయి ఆ ఇంటి తలుపు తట్టాడు.

"తీసే ఉంది, పైకి రా!" అన్నారెవరో.

పైన మంచం మీద ఎస్తేరవ్వ, దిండ్లకి ఆనుకుని ఉంది. జట్టు బట్టలన్నీ ముప్ఫయ్యేళ్ళు ఉతికిన మనిషి.

"జట్టువాడివా? ఏ నంబరు?"

"ఒకటి, అవ్వా."

"ఒకటో నంబరా! నీ చొక్కా ఉతకడం ఎంత సుఖం నాయనా. మట్టే ఉండేది కాదు. నువ్వు ఆడేవాడివేనా అసలు?"

క్లెమ్ కిటికీ దగ్గరికి పోయి బయటికి చూశాడు.

"నేను ఒక్క ఆటా చూళ్ళేదు," అంది అవ్వ. "మీరక్కడ ఆడుతుంటే నేనిక్కడ కాగు కింద మంట పెట్టేదాన్ని. ఇప్పుడు తీరిక దొరికింది, కాళ్ళు పోయాయి. ఈ కిటికీలోంచి చేతిరుమాలంత గడ్డి కనిపిస్తుంది. కింద గదిలో ఉండే విల్ఫ్‌తో అన్నాను, ఆ గడ్డి తప్ప ఇంకేం కనబడదురా అని. అయితే అక్కడికే వస్తాలే అవ్వా, అన్నాడు." మళ్ళీ తనే అడిగింది. "మరి ఆటంటే ఇంతేనా? పరుగెత్తుకొచ్చి పడ్డం, లేచి దులుపుకుని పోవడం?"

"దాదాపు ఇంతే, అవ్వా."

తెల్లారింది. పోటీ మొదలైంది. ఒకటే వాన. ఆఖరి నిమిషానికి బ్రాక్‌డెన్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. మూడొస్తే చాలదు, ఐదు కావాలి. ఆడుతున్నది పొగగొట్టం వైపు. అప్పుడు బంతి విల్ఫ్ చేతికొచ్చింది. ఒకణ్ణి దాటాడు, ఇద్దర్ని దాటాడు, ముగ్గుర్ని దాటాడు. ముందంతా ఖాళీ.

విల్ఫ్ పరుగు మధ్యకి తిరిగింది. చొక్కా గుర్తొచ్చింది కాబోలు.

వెనకనించి కేక వినబడింది. "మూలకి! ఒరేయ్ విల్ఫ్, మూలకి పో!"

ఆ కేక క్లెమ్‌ది.

విల్ఫ్ ఒక్కసారి వెనక్కి చూశాడు. ముఖం వెలిగిపోయింది. గాలి మళ్ళినట్టు మళ్ళి, మూలకి పోయి, బోర్లా పడ్డాడు.

ఇక తన్నేవాడి ఖర్మ. క్లెమ్ అంచున బంతి నిలబెట్టి బలమంతా పెట్టి తన్నాడు. తన్నిన ఊపుకి కాలు జారి బురదలో పడ్డాడు. బంతి వెళ్ళింది, వెళ్ళింది, స్తంభానికి తగిలి ఇవతల పడింది. కప్పు పోయింది. ఊరు ఊరంతా విల్ఫ్‌ని తిట్టిపోసింది. మేనేజరు అక్కడే చొక్కా విప్పించాడు.

క్లెమ్ తడిబట్టలతోనే మేడెక్కాడు. అవ్వ ఒకటో నంబరు చొక్కా చూసింది. ముందంతా మట్టి.

"అమ్మయ్య, ఇవాళ నువ్వూ ఆడావన్నమాట!" అంది. "గెలిచారా?"

"విల్ఫ్ వచ్చాడుగా, అవ్వా."

"వచ్చాడు. చూశాను," అంది అవ్వ, పెళ్ళి చూసొచ్చినదానిలా.

విల్ఫ్ మళ్ళీ ఆ చొక్కా వెయ్యలేదు. అవ్వ పోయింది. చాన్నాళ్ళకి బొగ్గుబండి తోస్తూ తోస్తూ విల్ఫూ పోయాడు. అతన్ని మట్టిచేసిన రోజున క్లెమ్ కిటికీ సంగతి ఊరికి చెప్పాడు. ఊరంతా కదిలింది. నడుచుకుంటూ మైదానానికి పోయారు. ముందు మేనేజరే, మంచి కోటుతో ఆ మూలన బోర్లా పడుకుని తలెత్తి చూశాడు. చాలాసేపు లేవలేదు.

తర్వాత బ్రాక్‌డెన్‌లో మైదానం చుట్టూ, జనం నిలబడేచోట, పైకప్పు వేశారు. పొగగొట్టం వైపు మూల దగ్గరికొచ్చేసరికి పని ఆపేశారు. ఇప్పటికీ అక్కడ పైకప్పు లేదు. వానొస్తే అక్కడివాళ్ళు తడుస్తారు, తడుస్తూనే చూస్తారు. ఆ సందులోంచి పాత మేడకిటికీ ఒకటి కనిపిస్తుంటుంది.

కొత్తవాళ్ళు అడుగుతారు, ఇంత కట్టి ఆ మూల ఒక్కటీ ఎందుకొదిలేశారని.

అప్పుడు ఊరివాళ్ళు టోపీ తీసి, వాన నీళ్ళు దులిపి, ఒకే మాట చెబుతారు.

"అక్కడైతే బావుంటుంది."