పేరు రాయని హుండీ

"ప్రభువుల భోజనం కాలేదహో... ఎవరూ పొయ్యి వెలిగించకూడదహో..."

వీధి ఆ చివర నుంచి చాటింపు పోలయ్య కేక. పొద్దున్నించీ అదే కేక. పాపం, గొంతు బొంగురుపోయింది. అరుగుల మీద కూచున్నవాళ్లు మొహమొహాలు చూసుకుని మళ్లీ తలలు వాల్చేశారు.

ఒకానొక సముద్రపు ఒడ్డు రాజ్యం లెండి, పేరడక్కండి, నాకూ తెలీదు. అక్కడి ఆచారం ఏమిటంటే, రాజుగారు భోంచేసిందాకా ఊళ్లో ఎవరూ మెతుకు ముట్టరాదు. ఆయన వేళకి తినే మనిషైతే చిక్కే లేదు. ఆ రోజు ఇల్లు కొనే పనిలో పడ్డాడు. ఇల్లు ఇక్కడ కాదు, సముద్రం అవతల దీవిలో. పక్క రాజుకి అక్కడో మేడ ఉందట. మన రాజు ఉద్దండరాయలకి అంతకంటే ఒక అంతస్తు ఎక్కువది కావాలట. బేరం తేలిందాకా అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

సభలో కొండుభొట్లు అని ఒకాయన ఉండేవాడు. మంచి చమత్కారి. ఆ రోజు మాత్రం స్తంభానికి ఆనుకుని, కళ్లు సగం మూసి కూచున్నాడు. చూడని మేడని పొగిడి పొగిడి అందరికీ నోళ్లెండిపోయాయి. ఆయన దిగులు ఆకలొక్కటే కాదు. మేడకి పెట్టబోయే సొమ్ము ఉప్పెన కట్ట కోసం దాచింది. కిందటేడు సముద్రం రెండు జాలరి వీధుల్ని మింగేసింది. ఈ సొమ్ము పోతే కట్ట లేదు, కట్ట లేకపోతే మూడో వీధీ ఉండదు.

దీవి నుంచి వచ్చిన దళారి మరకతయ్య చేతులు కట్టుకుని అన్నాడు. "మహాప్రభూ, హుండీ రాసి నా చేతికివ్వండి చాలు. 'ఇది తెచ్చినవారికి సొమ్ము చెల్లించవలెను' అని ఒక్క ముక్క. కింద తమ ముద్ర."

హుండీ అంటే ఇప్పటి మన చెక్కులాంటిదే. ఇక్కడ రాసిన కాగితం అక్కడి షావుకారుకి చూపిస్తే సొమ్మిస్తాడు.

"అమ్మేవాడి పేరు రాయొద్దా?" అన్నాడు కొండుభొట్లు, కళ్లు తెరవకుండానే.

"పేరెందుకయ్యా?" రాజుగారు మీసం దువ్వాడు. "పేర్లూ ఊళ్లూ రాసుకునేది అంగళ్లవాళ్లు. నా ముద్ర ఉన్నచోట నా మాట చెల్లుతుంది."

"సముద్రం అవతల కూడానా ప్రభూ?"

"ఎక్కడైనా."

"అంతదూరం ఎందుకులెండి. మన వంటశాల దాకా చెల్లుతుందేమో చూద్దాం. 'ఇది తెచ్చినవారికి నా భోజనం వడ్డించవలెను' అని రాసి ముద్ర వెయ్యండి."

రాజుగారు నవ్వి, ఠక్కున రాసి ముద్ర వేశాడు. కొండుభొట్లు ఆ చీటీ పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ సింహద్వారం దాకా వెళ్లాడు. అక్కడ పోలయ్య డప్పు మీద తలపెట్టి కూచున్నాడు.

"పోలయ్యా, నీ గొంతు వింటే నాకే ఏడుపొస్తోందిరా. ఇది వంటశాలలో చూపించు."

"ఏంటి బాబయ్యా ఇది?"

"అన్నం. పెట్టింది తిను. ఎవరేమన్నా నేను చెప్పుకుంటా."

కొండుభొట్లు తిరిగొచ్చేసరికి లోపల లేఖకుడు హుండీ మొదలుపెట్టాడు. రాజుగారి బిరుదులన్నీ వరసగా రావాలి కదా, గండరగండ, శత్రుభయంకర అంటూ సాగుతూనే ఉంది. సొమ్ము మాట ఇంకా ఆమడ దూరం. ఇంతలో వీధిలోంచి మళ్లీ కేక. ఈసారి గొంతులో పస ఉంది.

"ప్రభువుల భోజనం అయిందహో... పొయ్యిలు వెలిగించుకోండహో..."

"ఎవడ్రా వాడు? నేనెప్పుడు తిన్నాను?"

వంటపెద్ద కామావధాని పరుగున వచ్చి చీటీ చూపించాడు. "తమ ముద్రే కదా ప్రభూ. దాన్ని అనుమానిస్తే నా తల ఉంటుందా? పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు, అన్నీ వడ్డించాను. బూరెలు మళ్లీ అడిగాడు కూడాను."

"అడిగిందెవరయ్యా?"

"చీటీ తెచ్చినవాడు."

రాజుగారు కొండుభొట్లు వైపు తిరిగాడు. "అది నా భోజనం."

"ముద్రా తమదే, భోజనమూ తమదే. తిన్నది మాత్రం చీటీ చేతిలో ఉన్నవాడు. ఇంట్లో కనక బూరెలతో పోయింది. దీవిలో ఆ హుండీ ఎవడి చేతిలో పడ్డా షావుకారు అడిగేది ఒకటే, ముద్ర ఉందా లేదా అని. ఆ తర్వాత మేడ తాళంచెవి ఎవర్నడుగుతాం?"

రాజుగారి గొంతు తగ్గింది. "మరెలా రాయాలి?"

"అమ్మేవాడి పేరూ, తండ్రి పేరూ రాయించండి. పైన అడ్డంగా రెండు గీతలు గీయించండి. సొమ్ము ఎవరి చేతికీ ఇవ్వక అతని ఖాతాలోనే జమకట్టమని గుర్తు. మేడ పత్రం మన మనిషి చదివి, తాళంచెవి పుచ్చుకున్నాకే చెల్లించమని ఇంకో ముక్క. హుండీ కూడా మన మనిషి చేతిలోనే వెళ్లాలి, ఈయన చేతిలో కాదు."

"సబబుగానే ఉంది. మరకతయ్యా, అమ్మేవాడి పేరేమిటి?"

మరకతయ్య మెడ తుడుచుకున్నాడు. "పొడుగు పేరండి, నాలుక తిరగదు. పడవలో రాసి ఉంది, తెస్తాను."

వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే. పడవ తెరచాప ఎత్తడం కోట బురుజు మీది కాపలావాడు చూశాడట.

ఆ సంగతి విని రాజుగారు ముందు బిక్కమొహం వేశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "నా అన్నం తినిపించి నా ఖజానా నిలబెట్టావయ్యా." చేతి కడియం తీసి కొండుభొట్లుకి తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఆ సొమ్ము కట్టకే పెట్టండి ప్రభూ. ఇకమీద ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లని తిననివ్వండి. అలిసిపోయాం."

"రెండూ ఇచ్చాను. మరి నా సంగతేమిటి?"

"సభవారికి వండిన అన్నం, గోంగూర, మజ్జిగ ఉన్నాయి," అన్నాడు కామావధాని నసుగుతూ.

రాజుగారు పంక్తిలోకి వచ్చి, కొండుభొట్లుకీ లేఖకుడికీ మధ్య చతికిలబడ్డాడు. పోలయ్యనీ పిలిచారు. కడుపు నిండుగా ఉందంటూనే వాడూ ఓ విస్తరి ముందు కూచున్నాడు. వేడన్నం వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఎవర్నీ పొగడలేదు.