ఇంటింటికీ మారెప్ప పొలం

మారెప్ప ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఊళ్ళో ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు గానీ మారెప్పకూ, తమ్ముడు కుళ్ళాయప్పకూ, భార్య హనుమక్కకూ బాగా తెలుసు. ఒకరు చెప్పిన మాట పొల్లుపోకుండా చెయ్యడంలో వాళ్ళ తర్వాతే ఎవరైనా.

వాళ్ళకున్నది అరెకరం ఎర్రనేల. వానే దిక్కు. మూడేళ్ళుగా వేసిన వేరుశనగ వేసినట్టే ఎండిపోయింది. ఈసారీ పోతే ఊరు వదలాల్సిందేనని మారెప్పకు లోలోపల దిగులు.

వ్యవసాయ ఆఫీసరమ్మ వచ్చి గుప్పెడు మట్టి తీసి చూసింది.

"నేలలో కర్బనం లేదు మారెప్పా. సత్తువంతా అందులోనే ఉంటుంది. ఇక దున్నకండి. నేలను ఎండకు వదిలెయ్యకుండా కప్పి ఉంచండి. దానికీ కాస్త తిండి పెట్టండి. మళ్ళీ ప్రాణం వస్తుంది" అని చెప్పి వెళ్ళింది.

అంతే. ఇంట్లో ఉన్న కంబళ్ళు, దుప్పట్లు, ఆఖరికి హనుమక్క పెళ్ళిచీర కూడా పొలంలో పరిచేశారు. ఓ మూల కూడా నిండలేదు.

"మనం ఉండే కొట్టం మీద కప్పిన బోదగడ్డి ఉంది కదన్నా" అన్నాడు కుళ్ళాయప్ప.

"మరి మనకు ఎండ తగలదా?" అంది హనుమక్క.

"మనల్ని కప్పమని ఆయమ్మ చెప్పలేదే" అన్నాడు మారెప్ప.

ఇంకేముంది, ఇంటి కప్పు పీకి పొలమంతా పరిచారు. ఇక తిండి. హనుమక్క మూడు రోజులు కుండలకు కుండలు సంగటి వండి, గడ్డి సందుల్లో అడుగుకో ముద్ద పెట్టింది. నేలకు కారం పడుతుందో లేదోనని నంజుకునే ఊరుబిండి మాత్రం వెయ్యలేదు. నేల తరఫున కుక్కలు తిన్నాయి.

వాన పడింది. కప్పులేని ఇంట్లో ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. పక్క పొలాల్లో నీళ్ళు మట్టిని ఊడ్చుకుని వంకలోకి పోయాయి. మారెప్ప పొలంలో మాత్రం గడ్డి కిందే ఇంకాయి. పది రోజుల తర్వాత ఆఫీసరమ్మ గడ్డి ఎత్తి చూస్తే, అడుగున చల్లటి తేమ, వానపాములు.

"బాగా చేశారు మారెప్పా. ఇట్లాంటి మట్టి ఈ ఊళ్ళో ఇంటింటికీ ఉండాలి" అంది.

మారెప్ప కళ్ళు చెమర్చాయి. తన పొలాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

అంతే. మర్నాడే ముగ్గురూ పారలూ గంపలూ పట్టుకున్నారు. వారం రోజులు తవ్వారు. ఊళ్ళో ఉన్న ముప్పై ఇళ్ళ ముందూ ఆ మట్టిని వానపాములతో సహా కుమ్మరించారు. పొలంలో బండరాళ్ళు తేలాయి.

"విత్తనం ఎక్కడ వేద్దామన్నా?" అన్నాడు కుళ్ళాయప్ప, రాళ్ళకేసి చూస్తూ.

మారెప్పకు తమ్ముడి మీద జాలేసింది. "మన మట్టి ఎక్కడుంటే అదే మన పొలం కదరా."

ముగ్గురూ విత్తనాల మూట ఎత్తుకుని ఊళ్ళోకి వచ్చారు. మొదటి ఇంటి గడపలో ఒక ముసలమ్మ ఆ మట్టి మీదికి కాళ్ళు చాపుకుని బియ్యం ఏరుకుంటోంది.

"పెద్దమ్మా, కాస్త కాళ్ళు ముడుచుకో" అన్నాడు మారెప్ప మర్యాదగా. "మా పొలంలో విత్తనం వేసుకోవాలి."