నిలువునా మడిచిన చీర

చిట్టబ్బాయి మేస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కుంటారు. ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన మనిషి. కూర్చోబెట్టి చెప్పిన జవాబు ఒక్కటీ ఎవరికీ గుర్తులేదని రిటైరయ్యాక తెలుసుకున్నారట. అప్పట్నుంచీ నడిపించే చెబుతున్నారు.

ఆయనకి మిగిలిన శిష్యుణ్ణి నేనొక్కణ్ణే. నా చదువు ఆరో తరగతి దగ్గర ఆగిపోయింది. తరవాతదంతా నా బజ్జీల బండి దగ్గర, పొట్లాలు కట్టే పాత పేపర్లలో చదువుకున్నదే. ప్రపంచ వ్యవహారాలు నాకు బాగానే తెలుసు గానీ, ప్రతిదీ నూనె మరక దాకానే తెలుసు.

ఓ రోజు అడిగాను. "మేస్టారూ, మన పార్టీలవాళ్లు ఎంత తిట్టుకున్నా అది ఇంటి గొడవ. పై దేశాలవాళ్ల ముందు నించునేసరికి అందరం ఒకటైపోతాం కదా. మరి ఈ గొడవల వల్లే దేశం వెనకబడుతోందనీ, బయట మన మాట చెల్లడం లేదనీ పేపర్లో రాస్తారేంటండీ?"

మేస్టారు చెప్పులు వేసుకున్నారు. "నేతగాడు లోవరాజు ఇంటికి చీరలు కొనే జపానావిడ వస్తోందిరా గవర్రాజూ. ఆవిడ ఇంగ్లీషూ వీళ్ల తెలుగూ అటూ ఇటూ చెప్పడానికి నన్ను రమ్మన్నారు. నువ్వూ రా. నోరు మాత్రం బండి దగ్గరే వదిలేసి రా."

లోవరాజూ, అతని భార్య నూకరత్నమూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జాందానీ చీర నేస్తారు. కుడి సగం ఆయనది, ఎడమ సగం ఆవిడది. ఎన్నో పోగు దగ్గర బుటా పువ్వు మొదలెట్టాలో ఒకరికొకరు పైకి చెప్పుకుంటూ నెయ్యాలి. వాళ్లు నేసిన నమూనా చీర జపానావిడకి నచ్చితే ఊళ్లో నలభై మగ్గాలకి ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే, ఇప్పటికే సగం వీధి హైదరాబాదులో అపార్టుమెంట్లకి కాపలా కాస్తోంది, మిగతా సగమూ బస్సెక్కుతుంది.

సరిగ్గా ఆ చీర మగ్గం మీద ఉండగానే చేనేత సొసైటీకి ఎన్నికలొచ్చాయి. ఒకవైపు నూకరత్నం అన్నయ్య, ఇంకోవైపు లోవరాజు మేనమామ. రెండు వర్గాలూ రంగుల షెడ్డుకి చెరో తాళం వేసి, ఊరందరికీ రంగు నూలు లేకుండా చేశాయి. ఈ ఇంట్లో పదకొండు రోజులుగా మాటల్లేవు. మధ్యవర్తి పిల్లి. "ఒసే పిల్లీ, అన్నం చల్లారిపోతోందని చెప్పవే ఆయనకి" అని ఆవిడ. "ఆకలి లేదని చెప్పవే" అని ఈయన. ఇద్దరి అన్నమూ తినీ తినీ పిల్లి లావెక్కింది.

జపానావిడ గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ పెళ్లిలో ఫొటోకి నించున్నట్టు దగ్గరగా నించున్నారు. చూశారా అన్నట్టు మేస్టారి వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు.

ఆవిడ యాభై దాటిన నెమ్మదైన మనిషి. చీర విప్పి చూసి, బాగుందన్నట్టు తలూపింది. తరవాత అంచు మీద అంచు వేసి నిలువునా మడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మొదటి నాలుగు మూరలూ ఎడమ బుటా మీద కుడి బుటా సరిగ్గా కూర్చుంది. అక్కడ ఒక్క పోగు తప్పింది. ఇంకాస్త ముందుకెళ్తే రెండు, ఆపైన మూడు. పైట చెంగు దగ్గరికొచ్చేసరికి ప్రతి బుటాకీ నీడ పడ్డట్టుంది. ఆవిడ వేలు వెనక్కి వెళ్లి, మొదట తప్పిన చోట ఆగింది.

"ఇక్కడ ఏం జరిగిందని అడుగుతోంది" అన్నారు మేస్టారు.

తప్పిందని ఇద్దరికీ తప్పిన రోజే తెలుసు. ఎవరి వైపు తప్పిందో తేల్చాలంటే మాట్లాడాలి. ఊరి పరువు నా ఒక్కడి మీదే ఉందనిపించింది నాకు. "ముసురండీ. వాన తేమకి పోగు సాగింది" అన్నాను. మేస్టారు నా అబద్ధాన్ని ఒక్క ముక్క తగ్గకుండా ఇంగ్లీషు చేశారు.

ఆవిడ విని, నవ్వకుండా ఏదో అడిగింది.

"వాన ఒకవైపే కురిసిందా అంటోందిరా" అన్నారు మేస్టారు.

నేను వెళ్లి పిల్లి పక్కన కూర్చున్నాను.

ఆవిడ చీర పక్కన పెట్టి, మగ్గం చూపించి, తన ఎదురుగా ఒక్క వరస బుటాలు నెయ్యమంది. ఇద్దరూ మగ్గం గుంటలోకి కాళ్లు దింపి కూర్చున్నారు. పోగు మోసే నాడె నూకరత్నం చేతిలోంచి ఆయన చేతిలోకి, ఆయన చేతిలోంచి ఆవిడ చేతిలోకి మాట లేకుండానే పోయివస్తోంది. బుటా మొదలెట్టాల్సిన చోటు దగ్గరపడింది. నూకరత్నం అలవాటుగా అటూ ఇటూ వెతికి, "ఒసే పిల్లీ, ఇంకో రెండు పోగులు ఆగమని చెప్పవే" అంది.

"పిల్లి గవర్రాజు దగ్గర కూచుంది రత్నం" అన్నాడు లోవరాజు, దారం సర్దుకుంటూ. "నాతోనే చెప్పు."

నూకరత్నం ఆయన వైపు తిరిగి, "రెండు పోగులు ఆగండి" అంది.

"ఆగాను."

తరవాత లెక్క రెండు గొంతుల్లోనూ నడిచింది. మధ్యలో ఒకసారి ఆవిడకి కళ్లు మసకేసి చెయ్యి ఆగింది. పమిటతో తుడుచుకునేదాకా ఆయన కూడా తన వైపు ఒక్క పోగు ముందుకి వెయ్యలేదు.

వరస పూర్తయ్యాక జపానావిడ బుటాల మీద అడ్డంగా దారం పట్టి చూసింది. తేడా లేదు. పది మగ్గాలకి పని రాసిచ్చింది. వచ్చే దారిలో షెడ్డుకున్న రెండు తాళాలూ చూసిందట. మళ్లీ ఏడాది వచ్చేసరికి అవి లేకపోతే, మిగతా ముప్పై మగ్గాల సంగతి మాట్లాడదామంది.

తిరిగొస్తుంటే ఓడిపోవడం ఇష్టం లేక అన్నాను. "విప్పి చూసినప్పుడు బాగానే ఉంది కదండీ మేస్టారూ. ఆవిడ మడవకపోతే ఎవరికి తెలిసేది?"

మేస్టారు చెప్పులో పడ్డ రాయి దులుపుకున్నారు.

"విప్పి చూసుకునేది మనంరా గవర్రాజూ" అన్నారు. "బయటివాళ్లు మడిచే చూస్తారు."