రకానికో పోగు

గెడ్డ నీళ్ల మీదికి వంగిన ఈతచెట్ల నిండా గిజిగాళ్ల గూళ్లు. ఆ పిట్టల్లో మగవాళ్లు గూడు అల్లుతారు. ఆడవాళ్లు వచ్చి ముక్కుతో లాగి, ఊపి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటారు. మనుషుల పెళ్లిచూపులకి తిరగేసిన పద్ధతి.

నూకాలు అనే ఆడపిట్ట సింహాద్రి గూటిని ఒప్పుకుంది గానీ అది ఇంకా సగంలోనే ఉంది. గుడ్లు పెట్టే రోజు దగ్గరపడింది. పడమట మబ్బు చూస్తే నాలుగు రోజుల్లో వాన.

"నాలుగు పోగులు ఎక్కువ తెచ్చి దాచుకోరాదూ?" అంది నూకాలు.

"నక్క మామ గుహ ఉండగా దాచుకోవడమెందుకే? పాతకాలపు మాటలు!" అన్నాడు సింహాద్రి.

మూడేళ్లుగా నక్క ఎలుకల చేత రకరకాల ఆకులు చీల్పించి, కొండవాలు గుహలో పీచు పోగేశాడు. వెళ్లి పోగు పేరు చెబితే ఊరికే ఇచ్చేవాడు. గూట్లో ఒక్క పోగు తెగినా అందరూ అక్కడికే ఎగిరేవారు.

"దాంతో మాకెంత సమయం మిగిలిందో తెలుసా?"

"తెలుసు. ముప్పూటలా మీరు పాడే పాటలు వింటూనే ఉన్నాం."

మర్నాడు సింహాద్రి ఖాళీ ముక్కుతో తిరిగొచ్చాడు. మగవాళ్లందరిదీ అదే గతి.

"గుహకి బండ అడ్డం పెట్టాడు. గూటికో గుడ్డు ఇస్తామంటేనే పీచట. ఒక్కటే కదా నూకాలూ, మిగతావి మనకుంటాయిగా!"

"పెట్టేది నేను, దానం చేసేది నువ్వు. బాగుందయ్యా! నువ్వే ఓ ఆకు చీల్చుకోలేవూ?"

సింహాద్రి తల దించుకున్నాడు. "చీల్చడం మర్చిపోయాం. ఏ పీచు ఏ ఆకుదో కూడా తెలీదు. మెత్తపోగు, పట్టుపోగు, రాజాపోగు... పేర్లన్నీ నక్క పెట్టినవే."

నూకాలు నేరుగా గుహకి ఎగిరింది.

"మామా, నీకు గుడ్డు దక్కాలంటే ముందు గూడు మాకు నచ్చాలి కదా! ఈ మధ్య నీ పీచు నాసిగా ఉంటోందని ఆడవాళ్లంతా అంటున్నారు. రకానికో పోగు ఇవ్వు, లాగి చూస్తాం."

"ఆడవాళ్లకెప్పుడూ వంకలే!" నక్క నవ్వి, ఏడు రకాల్లోనూ ఒక్కో పోగు తీసిచ్చాడు. "చూసుకుని త్వరగా రా తల్లీ."

ఆడపిట్టలన్నీ ఆ పోగుల్ని వాసన చూశాయి, కొరికాయి, లాగాయి. ఏళ్ల తరబడి గూళ్లు ఎంచిన ముక్కులవి.

"ఇది గెడ్డలో జమ్ము కదూ?"

"ఇది రెల్లు అంచు."

"రాజాపోగేమిటో చూశారా? మనం కూర్చున్న ఈతాకే!"

మగవాళ్లు సిగ్గుపడే తీరిక కూడా లేకుండా పనిలో పడ్డారు. మొదటి రోజు ఆకులన్నీ మధ్యలోనే తెగాయి.

"గాటు పెట్టు, అంచు పట్టుకుని ఎగురు," అంది నూకాలు. "పాడకు! నోరు తెరిస్తే జారిపోతుంది."

రెండు రకాలు దేనివో ఎంతకీ తేలలేదు. అవి లేకుండానే అల్లారు. నాలుగో సాయంత్రం వాన మొదలయ్యేసరికి గూళ్లు వంకరగానే అయినా పూర్తయ్యాయి. నూకాలు తన గూటిని రెండుసార్లు లాగి చూసి లోపలికి వెళ్లింది.

వానలో తడుస్తూ నక్క ఒడ్డుకి వచ్చాడు. "నూకాలమ్మా, పీచు చూడటం అయిందా? మరి నా గుడ్డు?"

"అయింది మామా. నీ పీచు అక్కర్లేకపోయింది."

నక్క గూళ్లన్నీ కలయచూశాడు. గొంతు మెత్తబడింది. "పోనీ, మునుపటిలా ఊరికే ఇస్తాలే."

"ఊరికేనటే!" సింహాద్రి మెడ సాచాడు.

"ఇస్తే తీసుకుంటాం మామా," అంది నూకాలు గూట్లోంచే. "ఇవ్వకపోయినా కట్టుకుంటాం."

ఆ రెండో మాట వినగానే నక్క వెనుదిరిగాడు. ఖాళీ కడుపుతో కొండ ఎక్కాడు.

గూటికి పోగైనా సాఫ్ట్‌వేర్‌కి కావలసిన భాగమైనా, ప్రతిదీ ఒకే వాకిట్లో అడిగి తెచ్చుకునేవాళ్లు ఆ తలుపు మూసిన రోజున నిలువనీడ లేనివాళ్లే.