చిరుగుల అచ్చియ్యమ్మ చీర

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో మంగతాయారని ఒకావిడ ఉండేది. ఆవిడకి కొత్త చీరల పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు నాన్నా, చీర నాలుగు ఉతుకులు పడితే చాలు, ఇంక కంటికి ఆనేది కాదు.

పక్కింట్లో అచ్చియ్యమ్మ ఉండేది. ఆవిడ చిన్న పీలిక కూడా పారెయ్యదు. ఉతికి, ఎండేసి, దాచుకుని బొంతలు కుట్టేది. మంగతాయారు ఊరుకుంటుందా? రేవులో అందరి ముందూ, "చిరుగుల అచ్చియ్యమ్మా, నీ గుడ్డపీలికలు మా గుమ్మం తొక్కకూడదు సుమా!" అని నవ్వింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడు మంగతాయారు కూతురు భారతి పురిటికి పుట్టింటికొచ్చింది. ఇంకా నెల గడువుంది. ఒక పొద్దున్న, పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆవిడ పడవ మీద వచ్చింది. మంగతాయారు ఇంట్లో ఉన్న పాతవన్నీ మూటగట్టి ఇచ్చేసింది. మొగుడి తలగుడ్డతో సహా! బదులుగా మెరిసిపోయే బిందె పుచ్చుకుంది.

ఆ తర్వాత వాన పట్టుకుంది. గోదారి పొంగింది, పడవలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే భారతికి నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని నూకాలు వచ్చింది. సందెవేళకి ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ పిల్ల కదా, గుప్పెడంత ఉంది. ఏడుపు పిల్లికూన కూతలా సన్నగా ఉంది.

"అమ్మా, మెత్తటి పాత గుడ్డ తే. తొందరగా!" అంది నూకాలు.

పాతవన్నీ బిందె కింద పోయాయి కదా, మంగతాయారు ఏం చేస్తుంది? పెట్టె తీసి పట్టుచీర తెచ్చింది. జరీ గీరుకుని పిల్ల ఒళ్ళు కందిపోయింది. అప్పుడు గంజి పెట్టిన కొత్త నేతచీర తెచ్చింది. అది అట్టలా నిలబడింది గానీ పిల్లని చుట్టుకోలేదు. ఆ తర్వాత నైలాన్ చీర తెచ్చింది. అది తడి పీల్చదు, వెచ్చగానూ ఉండదు. పిల్ల ఏడుపు ఆగిపోయింది. పాదాలు చల్లబడ్డాయి.

"నలిగి నలిగి మెత్తబడ్డ గుడ్డ కావాలమ్మా. ఇంత ఇంట్లో ఒక్కటీ లేదా?" అంది నూకాలు. పిల్లని తల్లి గుండెకి ఆనించి, అరచేతులతో పాదాలు రుద్దుతూ కూర్చుంది.

మంగతాయారు వానలోకి పరిగెత్తింది. అచ్చియ్యమ్మ తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. లోపల దీపం కదిలింది గానీ తలుపు తియ్యలేదు. అచ్చియ్యమ్మకి మాత్రం కోపం ఉండదా, నువ్వే చెప్పు?

మూడోసారి కొట్టడానికి మంగతాయారుకి చెయ్యి లేవలేదు. సిగ్గుతో చచ్చిపోయింది పాపం. తలుపుకి ఆనుకుని ఏడ్చేసింది.

"వదినా! నోరు జారాను, తప్పయిపోయింది. నా మనవరాలు చల్లబడిపోతోందే! నీ చిరుగు చీర ఒక్కటి పెట్టవే తల్లీ!"

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"పిల్ల పుట్టిందని ముందే చెప్పొద్దూ! పోట్లాటకొచ్చావనుకున్నాను" అంది అచ్చియ్యమ్మ. పాత చీరల కట్ట పొట్టకి హత్తుకుని, తల మీద తాటాకు గిడుగు కప్పుకుని, మంగతాయారు కంటే ముందే ఉరికింది. గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది.

"నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, లోపలికి రా వదినా" అంది మంగతాయారు.

పరపరా చీర చింపారు. కుంపటి సెగకి కాచి, పిల్లని మడత మీద మడతగా చుట్టారు. ఊపిరి బిగబట్టి చూశారు. పిల్ల కదల్లేదు. ఇంకా కదల్లేదు. అప్పుడు చిన్ని పెదవి వణికింది. ఆ తర్వాత కేర్‌మంది!

"ఏడవ్వే నా తల్లీ, గట్టిగా ఏడు!" అంటూ మంగతాయారు తనూ ఏడ్చింది.

పురుడు వెళ్ళాక, మైల బట్టలని ఆ గుడ్డలు పారెయ్యబోయారు. మంగతాయారు ఒప్పుకోలేదు. తన చేత్తో ఉతికి ఆరేసింది. వాటిని పట్టుకెళ్ళి అచ్చియ్యమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సూది పట్టింది.

"కుట్లు పాము పాకినట్టున్నాయి వదినా" అని అచ్చియ్యమ్మ నవ్వింది.

"ఉండనీ. దీని మీద పడుకునేది నా మనవరాలు. దానికి మెత్తగా ఉంటే చాలు, వరసెందుకు?" అంటూ మంగతాయారు ఇంకో పీలిక అందుకుంది.

పాత చీర బొంతకి, బొంతేమో పాపకి,
కథేమో కంచికి, నా బంగారం నిద్దరకి!